గోడలో పూడ్చాల్సింది పైపు, కేబుల్ కాదు

కడప

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మిద్దె మీద గదికి స్లాబు వేయడం అయిపోయింది, వచ్చే వారం ప్లాస్టరింగ్, వీడేమో అందులో ప్రొజెక్టర్ పెడతానంటున్నాడు, నువ్వే ఏదన్నా చెప్పు అంది. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం మీ ఎలక్ట్రీషియన్ మార్చేస్తాడు. అందుకే రాస్తున్నా. అతనికీ చూపించు.

అనంతపురంలో పని ఎట్లా చేస్తారో తెలీదు గానీ, ఇక్కడ చాలామంది హెచ్‌డీఎంఐ కేబుల్‌ని, అంటే ప్రొజెక్టర్‌కి బొమ్మ మోసుకొచ్చే తీగని, గోడ గాడిలో పెట్టి మీద సిమెంటు పూసేస్తారు. నువ్వు మాత్రం ఆ పని చేయనియ్యొద్దు. హెచ్‌డీఎంఐ మొదటి వెర్షన్ వచ్చింది 2002 చివర్లో. 2013లో వచ్చిన 2.0కి సెకనుకు 18 గిగాబిట్లు పోవాలి, 2017లో వచ్చిన 2.1కి 48. నేను పని చేస్తుండగానే కేబుళ్లు ఇన్నిసార్లు మారాయి. నీ గోడ యాభై ఏళ్లు నిలబడాల్సింది. పైపు ఉంటే పాత కేబుల్ లాగి కొత్తది దూరుస్తావు, లేదంటే సుత్తి పట్టుకోవాలి.

పైపు 40 ఎంఎం ఉండాలి. కరెంటు పనికి తెచ్చిన 25 ఎంఎం పైపే మిగిలింది, అదే వేస్తానంటాడు మీవాడు, ఒప్పుకోవద్దు. కేబుల్ సన్నగానే ఉంటుంది, చిక్కంతా దాని తలతోనే. 25 పైపులో ఆ తల తిన్నగా పోతుందేమో, వంపు దగ్గర మాత్రం ఇరుక్కుంటుంది. మూల దగ్గర ఒక్కసారే తిరిగే ఎల్బోలు కూడా వద్దు, నిదానంగా వంగే లాంగ్ బెండ్లు తెప్పించు.

ఇంత లావు పైపుకి గాడి లోతుగా కొట్టాలి కాబట్టి ఏ గోడలో కొడుతున్నారో చూసుకో. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డ గాడి అయితే ఆరో వంతు. అంటే నాలుగున్నర అంగుళాల గోడ దీనికి పనికిరాదు, తొమ్మిది అంగుళాల గోడలో నిలువుగా పోనియ్యి. అడ్డంగా పోవాల్సిందంతా ఫాల్స్ సీలింగ్ పైన క్లాంపులతో పోతుంది. పిల్లర్లు, బీముల జోలికి పోవద్దు. పైపు పెట్టాక గాడి మీద కోడిజాలి కొట్టి పూస్తేనే గోడ నెర్రె ఇవ్వదు.

ప్రొజెక్టర్‌కి కరెంటు వేరే పైపులో రావాలి, రెండిటి మధ్య అడుగు దూరం ఉండాలి. ఎక్కడైనా దాటక తప్పకపోతే అడ్డంగా దాటించు, పక్కపక్కన నడిపించొద్దు.

ఇక కేబుల్ పొడవు. వంద అంగుళాల తెర వెడల్పు ఏడడుగుల మూడంగుళాలు. నీ ప్రొజెక్టర్ త్రో రేషియో, అంటే తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో లెన్స్ ఉండాలన్న లెక్క, 1.5 అయితే తెర నుంచి లెన్స్‌కి దాదాపు పదకొండు అడుగులు, కేబుల్ గుచ్చేది వెనక కాబట్టి పన్నెండు అనుకో. ఆంప్లిఫయర్ పెట్టే అరమర నుంచి స్లాబు దాకా ఎనిమిది, స్లాబు నుంచి కిందికి ప్రొజెక్టర్ దాకా ఒకటి, రెండు కొసల్లో మూడేసి అడుగులు వదులు. ఇరవై ఏడు అడుగులైంది, ఎనిమిది మీటర్ల పైమాటే. 10 మీటర్లది కొను.

ఆ పొడవుకి ప్రొజెక్టర్ మామూలు ఫుల్ హెచ్‌డీ అయితే మంచి రాగి కేబుల్ సరిపోతుంది. దానికి నాలుగింతల పిక్సెళ్లుండే 4కె అయితే రాగిని నమ్మొద్దు, ఐదు మీటర్లు దాటాక అది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. రాగికి బదులు గాజు పోగులో వెలుతురుగా సిగ్నల్ పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకో. తలకి బంగారు పూత ఉందని ఎక్కువ పోయొద్దు, దానివల్ల బొమ్మ ఏమీ మెరవదు. ఇది డిజిటల్, వస్తే నిండుగా వస్తుంది. సిగ్నల్ చాలకపోతే తెర మీద తెల్ల చుక్కలు మెరుస్తాయి, లేదంటే రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది.

ఆప్టికల్ కేబుల్ విషయంలో నా సొంత తెలివితక్కువ పని ఒకటి చెప్తా. ఒకరింట్లో ముప్పావు గంట కష్టపడి కేబుల్ లాగి, సీలింగ్ మూసి, ఇంటాయన్ని కూర్చోబెట్టి ప్రొజెక్టర్ వేశా. నీలం తెర, మధ్యలో నో సిగ్నల్. ప్లేయర్ మార్చా, ప్రొజెక్టర్ ఆపి వేశా, చెమటలు పట్టినాయి. చివరికి కళ్లజోడు పెట్టుకుని కేబుల్ తల చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో డిస్‌ప్లే అని ఉంది. ఆ కొస నా చేతిలో, ఆంప్లిఫయర్ దగ్గర ఉంది! మామూలు రాగి కేబుల్‌కి ఎటైనా ఒకటే, దీనికి మాత్రం సోర్స్ ఒక పక్క, డిస్‌ప్లే ఇంకో పక్క. మళ్లీ మొత్తం లాగాల్సి వచ్చింది. ఇంటాయన పాపం ఏమీ అనలేదు, రెండోసారి టీ కూడా ఇచ్చాడు. అదే ఇంకా సిగ్గేసింది.

కాబట్టి కేబుల్ రాగానే నేల మీద పరిచి, నీ ప్లేయర్‌తో, నీ ప్రొజెక్టర్‌తో ఒక సినిమా మొత్తం ఆడించు. తర్వాతే పైపులోకి. తల పట్టుకుని లాగొద్దు, తాడు కేబుల్ ఒంటికి కట్టి పైన టేపు చుట్టు. ఎక్కడా మడత పడనియ్యొద్దు, లోపల ఉండేది గాజు పోగు. బిగుసుకుంటే టాల్కం పౌడరు చల్లు, నూనె, గ్రీజు వద్దు. తాడు లోపలికి ఎట్లా పోతుందంటావా? సన్నదారానికి పాలిథిన్ ముక్క కట్టి ఒక కొసలో పెట్టి, రెండో కొసలో వాక్యూమ్ క్లీనర్ ఆన్ చెయ్, పీల్చుకుని వస్తుంది. మీ పిల్లలకి ఆ పని అప్పజెప్పు, సంబరపడతారు. పని అయ్యాక కూడా ఒక నైలాన్ తాడు పైపులోనే వదిలెయ్. దాంతోపాటు ఒక క్యాట్6 వైరు (ఇంటర్నెట్‌కి వాడే నెట్‌వర్క్ వైరు) వేసి పెట్టు, ఎప్పుడో అక్కరకొస్తుంది. పైపు కొసలు స్పాంజితో మూసెయ్, లేకపోతే బల్లులు కాపురం పెడతాయి.

అరమరకి కడప బండే వేయిస్తున్నావంట, సంతోషం. అయితే కేబుల్ రంధ్రం బండ బిగించకముందే వేయించు. మన బండ పొరలుపొరలుగా ఉంటుంది, హామర్ డ్రిల్ పెట్టావంటే పెచ్చు లేచిపోతుంది. గుండ్రంగా కోసే కోర్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, నిదానంగా వేయించు.

ప్లాస్టరింగ్‌కి ముందురోజు పైపులున్న గోడల పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసి నాకు పంపు. రేపు తెర బిగించడానికి వచ్చేవాడు డ్రిల్ తీసుకోకముందే ఆ ఫోటోలు చూడాలి.

మీ మామ