వ్రూబెల్ ‘కూర్చున్న డెమన్’ బొమ్మలో చొక్కా లేని యువకుడు సైతానా?

కాదు, రష్యన్ సింబాలిస్టు (భావాలను ప్రతీకలతో చెప్పే ధోరణి) చిత్రకారుడు మిఖాయిల్ వ్రూబెల్ 1890లో నూనెరంగులతో వేసిన ఈ యువకుడు సైతాను కాదు, బలం ఉండీ దారి తోచక కుమిలిపోతున్న ఆత్మ.

సింబాలిస్టులు నగ్నదేహాన్ని అందం కోసమో శరీరశాస్త్రం కోసమో కాక, మనసు స్థితిని చూపడానికి వాడుకున్నారు. బట్టలుంటే ఏ దేశం, ఏ కాలం అన్నది తెలిసిపోతుంది. అందుకే ఇక్కడ నడుము కింద నీలిగుడ్డ తప్ప మరేమీ లేదు. చేతులు చూడండి: భుజాల కండలు ఉబ్బి ఉన్నాయి, వేళ్లు మాత్రం మోకాళ్ల దగ్గర ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని పనిలేక పడి ఉన్నాయి. కాన్వాసు వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది, ఎత్తు మీటరు చిల్లరే. తల పై అంచుకు ఆనుకునే ఉంది. లేచి నిలబడితే చట్రంలో పట్టడు. అసలు కిటుకు అదే.

రంగును చాలాచోట్ల కుంచెతో కాక ప్యాలెట్ కత్తితో పలకలు పలకలుగా అద్దాడు. కీవ్‌లోని పాత చర్చిల్లో పనిచేసినప్పుడు చూసిన తూర్పు రోమన్ సామ్రాజ్యపు (బైజాంటైన్) శైలిలో చిన్న రాతి, గాజు ముక్కలు అతికించి చేసిన మొజాయిక్‌ల ప్రభావం ఇది. పక్కనున్న పూలు కూడా రాళ్లలా కనిపిస్తాయి.

పొరపాటంతా ‘దయ్యం’ అనిపించే పేరుతోనే. రష్యన్ కవి లెర్మొంతోవ్ కావ్యం నుంచి వచ్చిన ఈ ‘డెమన్’కి కొమ్ముల్లేవు, తోకా లేదు. మూలమైన గ్రీకు మాటకు ఆత్మ, దేవతాశక్తి అనే అర్థాలున్నాయి, చెడుతనం తర్వాత అంటుకుంది. వ్రూబెల్ 1902లో వేసిన ‘కూలిన డెమన్’ వేరే బొమ్మ.