అమ్మాయి ప్రొఫెసర్ అవుతానంటోంది, ఎంబీఏ కూడా చేయించాలా?

గుంటూరు నుంచి ఒక నాన్నగారు అడిగారు: అమ్మాయి ప్రైవేట్ కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం, పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతా, ఎప్పటికైనా ఐఐటీ డైరెక్టరో యూనివర్సిటీ వీసీనో (వైస్ ఛాన్సలర్) అవుతా అంటోంది, మధ్యలో ఎంబీఏ చేయిస్తే అడ్మినిస్ట్రేషన్‌లోకి తొందరగా వెళ్తుందా, ముందు రెండేళ్లు జాబ్ చేయనివ్వాలా అని.

ఎంబీఏ డబ్బులు దాచుకోండి సార్. ఆ కుర్చీకి ఎంట్రన్సూ లేదు, కోర్సూ లేదు. యూజీసీ 2018 రూల్స్ చూస్తే వీసీ కావాలంటే యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గానో, పేరున్న రీసెర్చ్ లేదా అకడమిక్ అడ్మినిస్ట్రేషన్ సంస్థలోనో 10 ఏళ్లు చేసుండాలి, మామూలుగా వెళ్లేది ప్రొఫెసర్ దారిలోనే, ఆ ప్రొఫెసర్ అవ్వడానికి పీహెచ్‌డీతో పాటు ఇంకో 10 ఏళ్ల సర్వీసు కావాలి. 27కి పీహెచ్‌డీ అయిపోయినా లెక్క 47 దగ్గర తేలుతుంది, అదీ అన్నీ టైముకి జరిగితే. ఆ తర్వాత కూడా సెర్చ్ కమిటీ ఇచ్చే మూడు నుంచి ఐదు పేర్లలో మనది ఉండాలి. ఐఐటీల పద్ధతి వేరే, కానీ అక్కడా కుర్రాళ్లని కూర్చోబెట్టరు.

స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ సంగతి చూడండి. 1977లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాడు, 1981లో స్టూడెంట్స్‌తో కలిసి మిప్స్ ప్రాసెసర్ మొదలెట్టాడు, 1984లో దాని మీదే కంపెనీ పెట్టాడు, మళ్లీ క్లాసుకి వచ్చేశాడు. డిపార్ట్‌మెంట్ ఛైర్ (మన హెచ్ఓడీ లాంటిది) అయింది 1994లో! అక్కడి నుంచి మాత్రం స్పీడే, 1996లో ఇంజనీరింగ్ డీన్, 1999లో ప్రొవోస్ట్ (ప్రెసిడెంట్ తర్వాతి పదవి), 2000లో ప్రెసిడెంట్ (మన వీసీ లాంటిది), 2016 దాకా ఆయనే. అంటే మొదటి 17 ఏళ్లు ఎక్కువగా చిప్పులు, పాఠాలే. మన దగ్గర హెచ్ఓడీ టర్న్ వస్తే టైమ్‌టేబుల్ గొడవలు, న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్లు నా వల్ల కాదని తప్పించుకునేవాళ్లే ఎక్కువ (వాళ్లనీ తప్పుపట్టలేం, రీసెర్చ్ మూలన పడుతుంది), కానీ మనుషులతో, బడ్జెట్‌తో పని నేర్చుకునేది ఆ చాకిరీలోనే, ఎంబీఏలో కాదు.

ఇంక ప్రైవేట్ కాలేజీ అని బెంగ వద్దు. ఐఐటీ మద్రాస్ డైరెక్టర్ కామకోటి గారు బీఈ చదివింది ఐఐటీలో కాదు, శ్రీ వెంకటేశ్వర కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ అనే ప్రైవేట్ కాలేజీలో. ఎంఎస్, పీహెచ్‌డీ ఐఐటీ మద్రాస్‌లో చేసి 2001లో అక్కడే ఫ్యాకల్టీగా చేరారు, శక్తి అనే దేశీ ప్రాసెసర్ పని నడిపించారు, 2022 జనవరిలో డైరెక్టర్ అయ్యారు.

అమ్మాయి ఇప్పుడు చేయాల్సింది గేట్‌కి (ఎంటెక్, పీహెచ్‌డీ సీట్లకు పనికొచ్చే పరీక్ష) కూర్చోవడం, ఈ సమ్మర్‌లో ఎవరైనా ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ పట్టడం. మార్కులు బాగుంటే బీటెక్ తర్వాత డైరెక్ట్ పీహెచ్‌డీ కూడా ఉంది. ఐఐటీల్లో స్టైపెండ్ మామూలుగా నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. క్లాస్‌మేట్స్ ప్యాకేజీల ముందు ఇది చిన్నగానే కనిపిస్తుంది, చుట్టాలు కూడా అడుగుతారు, దానికి మీరు రెడీగా ఉండాలి. తర్వాత ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ వన్ అయితే బేసిక్కే 1,01,500.

రెండేళ్లు జాబ్ అంటారా, చేయనివ్వండి, నష్టం లేదు. కాకపోతే ఆ జీతం చూసి ఫ్లాట్ లోన్ మాత్రం తన పేరు మీద పెట్టకండి, ఈఎంఐ మొదలైందంటే 37,000 స్టైపెండ్‌కి ఇంక రాదు.