చిప్పు ఒకటే, స్కోరు ఇంటికొకటి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే గోల. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్ కొన్నాం, వీడియోలో చూపించింది ఒకటి మా ఇంట్లో వచ్చేది ఒకటి అని. అందుకే ఈసారి ప్రింటర్ల ప్రశ్నలు పక్కనపెట్టి అన్నీ ఇవే తీసుకున్నా, ప్రింటర్ల వాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, బీటెక్ సెకండ్ ఇయర్. కార్డు కొనే పైసల్లేక రైజెన్ 5 5600జీ పెట్టి సిస్టమ్ అసెంబుల్ చేయించిన, 8 జీబీ ర్యామ్. యూట్యూబ్‌ల గదే ప్రాసెసర్ మీద జీటీఏ 5 మస్తు నడుస్తుంది, నాకేమో ఆగి ఆగి వస్తుంది. పైగా 8 జీబీ అని చెప్పి విండోస్‌ల 5.9 మాత్రమే వాడుకోవచ్చని చూపిస్తుంది. షాపాయన డూప్లికేట్ అంటగట్టిండా?

జవాబు: డూప్లికేట్ కాదు తమ్ముడూ, షాపాయన్ని తిట్టే ముందు ఒక పని చెయ్. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కు, కింద కుడిపక్క స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది, అక్కడ 1 ఆఫ్ 2 అనో 1 ఆఫ్ 4 అనో ఉందనుకో, ర్యామ్ స్టిక్ (ముక్క) ఒక్కటే పెట్టారని అర్థం, దొంగ దొరికినట్టే.

సంగతేంటంటే విడిగా కొనే కార్డుకి దాని మెమరీ దానికే ఉంటుంది. జీటీఎక్స్ 1650 పాత జీడీడీఆర్5 మోడల్నే తీసుకో, సెకనుకి 128 జీబీ డేటా లాగే దారి దానికి సొంతం, ఇంకెవరూ అందులో వేలు పెట్టరు. 5600జీలో ఉన్న వేగా గ్రాఫిక్స్‌కి అలాంటిదేం లేదు, నువ్వు పెట్టిన మామూలు ర్యామే దానికీ దిక్కు, ఆ ర్యామ్‌నే అటు ప్రాసెసర్ కోర్లు కూడా వాడుకుంటాయి, అంటే వీధి కుళాయి ఒక్కటే, రెండిళ్ల వాళ్లూ బిందెలు పట్టుకుని నిలబడ్డారన్నమాట. డీడీఆర్4-3200 స్టిక్ ఒక్కటే ఉంటే ఆ కుళాయిలో సెకనుకి 25.6 జీబీ వస్తుంది. రెండు స్టిక్కులు రెండు ఛానళ్లలో, అంటే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే రెండు దారుల్లో, పెడితే 51.2. సీపీయూ టెస్టుల్లో ఈ తేడా పెద్దగా కనపడదు, సినీబెంచ్ ఆర్23 పెట్టి చూస్తే ఒక స్టిక్ అయినా రెండైనా ఇంచుమించు అదే స్కోరు, అందుకే షాపులో "చూడండి సార్ బ్రహ్మాండంగా ఉంది" అని చూపించి పంపేస్తారు. గేమ్ పెట్టినప్పుడు తెలుస్తుంది అసలు కథ. రివ్యూ చేసేవాళ్లు దాదాపు అందరూ రెండు స్టిక్కుల మీదే టెస్ట్ చేస్తారు, కొందరు 3600, 4000 ర్యామ్ కూడా పెడతారు, ఆ మాట వీడియోలో చెప్పరు, కింద డిస్క్రిప్షన్‌లో ఎక్కడో ఉంటుంది.

ఇక 5.9 సంగతి. బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, గ్రాఫిక్స్ కోసం 2 జీబీ పక్కకి తీసిపెట్టి ఉంటారు, అది విండోస్‌కి కనపడదు, మోసం కాదు. కానీ మిగిలిన ఆరులోనే విండోసూ క్రోమూ గేమూ సర్దుకోవాలంటే ఆగి ఆగి రాక ఏం చేస్తుంది చెప్పు. ఇంకో 8 జీబీ స్టిక్ అదే స్పీడుది కొను, బోర్డుకి నాలుగు స్లాట్లుంటే పక్కపక్కన గుచ్చకు, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. పెట్టాక బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్, లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2400 దగ్గరో 2666 దగ్గరో పడుకుని ఉండొచ్చు. సీపీయూ-జెడ్ అనే, ప్రాసెసర్ ర్యామ్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో 1600 అని చూపిస్తే మళ్లీ నాకు ఉత్తరం రాయొద్దు, డీడీఆర్ అంటేనే ఒక్క క్లాక్‌కి రెండుసార్లు పంపేది, 1600ని రెండుతో గుణించుకో.

ప్రశ్న: సార్, గుంటూరు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి ల్యాప్‌టాప్ చూస్తున్నాం. రైజెన్ 5 5500యూ ఒకటి, రైజెన్ 5 7520యూ ఒకటి, రెండూ ఇంచుమించు ఒకే రేటు. రెండోది 7తో మొదలైంది కాబట్టి కొత్తది, అదే తీసుకోమని షోరూమ్‌లో అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: అంకె చూసి కొనకండి. 7520యూ తర్వాత వచ్చిన మాట నిజమే కానీ అందులో కోర్లు నాలుగు, 5500యూలో ఆరు. పైగా రెండిట్లో ఉన్న కోర్లూ జెన్ 2 తరానివే, 7000 సిరీస్ పేర్లలో మూడో అంకె తరాన్ని చెప్తుంది, ఇక్కడ అది 2. గ్రాఫిక్స్‌కొస్తే 5500యూలో ఏడు కంప్యూట్ యూనిట్లు (బొమ్మ గీసే భాగాలు), 7520యూలో రెండంటే రెండు. ఆ రెండూ కొత్త డిజైన్‌వే అనుకున్నా రెండు ఎద్దులు ఏడు ఎద్దుల బండి లాగవు కదండీ. అమ్మాయి వర్డూ, జూమ్ క్లాసులూ, సినిమాలూ అంటే రెండూ ఒకటే, ఛార్జింగ్ కూడా 7520యూదే బాగుండొచ్చు. ఏదైనా గేమ్, త్రీడీ సాఫ్ట్‌వేర్ అంటే మాత్రం పాత అంకే మేలు.

ఇంటెల్ వైపు ఇంకో తమాషా. 11వ తరం నుంచి ఐరిస్ ఎక్స్‌ఈ అని మంచి గ్రాఫిక్స్ ఇచ్చారు, అయితే ర్యామ్ రెండు ఛానళ్లలో ఉంటేనే ఆ పేరు, ఒక్క స్టిక్‌తో అమ్మితే అదే చిప్ విండోస్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనపడుతుంది. రెండో స్టిక్ పెట్టగానే పేరు మారిపోతుంది, నేను నా కళ్లతో చూశాను, మా తోడల్లుడి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ వేసి ఆన్ చేస్తే "బావా ఇది వేరే ల్యాప్‌టాప్ ఏంటి" అన్నాడు. నా దృష్టిలో ఇది నిజాయతీ ఉన్న పనే, కనీసం తక్కువ నడుస్తుందని పేరులోనే ఒప్పుకున్నారు. ఇంటెల్ వాళ్ల కోర్ అల్ట్రా ప్రాసెసర్లలో గ్రాఫిక్స్‌కి పెట్టిన ఆర్క్ అనే పేరుకీ ఇలాంటి షరతే, 16 జీబీ, రెండు ఛానళ్లు.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తర్వాత చూడాల్సింది వాట్లు, అంటే చిప్పుకి ఎంత కరెంటు ఇస్తున్నారన్నది. రైజెన్ 7 7840యూనే చూడండి, కంపెనీవాడు దాన్ని 15 వాట్ల దగ్గర కట్టేయొచ్చు, 30 దాకా వదలొచ్చు. చిప్పు పేరు ఒకటే, స్టిక్కరు ఒకటే. ఆ వాట్లలోనే ప్రాసెసర్ కోర్లూ గ్రాఫిక్సూ పంచుకోవాలి, కోర్లు ఎక్కువ తినేస్తే గ్రాఫిక్స్ క్లాక్ పడిపోతుంది, అందుకే తక్కువ వాట్ల మెషీన్లలో ప్రాసెసర్ బూస్ట్ (కోర్లు తమంతట తాము స్పీడు పెంచుకోవడం) ఆపేస్తే కొన్ని గేముల్లో ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే ఫ్రేములు, పెరుగుతుంది, వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ జరుగుతుంది. కాబట్టి రివ్యూ చూస్తే మీరు కొనబోయే మోడల్ మీదే చేసిన రివ్యూ చూడండి, ఆ ప్రాసెసర్ ఉన్న ఏదో ఒక ల్యాప్‌టాప్ మీద చేసింది కాదు. ఇంకోటి, వాళ్లు ఏసీ గదిలో కూర్చుని మొదటి రౌండ్ స్కోరు రాసేస్తారు. మే నెలలో మన గుంటూరులో ఫ్యాన్ కింద మంచం మీద పెట్టి ఆడే గేమ్‌కి ఆ స్కోరు వర్తించదండీ. గ్రాఫిక్స్ బలం కొలిచే 3డీమార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్ట్రెస్ టెస్ట్ అని ఉంది, ఒకే సీన్ 20 సార్లు తిప్పుతుంది, అన్నిట్లోకీ తక్కువ వచ్చిన రౌండ్ బాగా వచ్చిన రౌండ్‌లో 97 శాతం కన్నా పడకూడదు, పడితే ఫెయిల్. కొన్నాక రిటర్న్ గడువులోగా అది ఒకసారి పెట్టి చూడండి.

ప్రశ్న: 3డీమార్క్‌లో టైమ్ స్పై, ఫైర్ స్ట్రైక్, నైట్ రెయిడ్ అని ఇన్ని ఉన్నాయి, దేని స్కోరు నమ్మాలి? అసలు వీటిల్లో మోసం జరగదా? (నెల్లూరు)

జవాబు: టైమ్ స్పై పెద్ద కార్డుల కోసం పెట్టిన పరీక్ష, 2560 బై 1440లో గీస్తుంది, ఇంటెల్ యూహెచ్‌డీ మీద పెట్టి చూడండి, పెళ్లి ఆల్బమ్ పేజీలు తిప్పినట్టు ఒక్కో ఫ్రేమ్ వస్తుంది. అంత కింద పడిపోయిన చోట రెండు చిప్పుల్ని పోల్చడం అంటే పదో తరగతి పేపర్ రెండో తరగతి పిల్లలకిచ్చి ఎవరు తెలివైనవాళ్లో తేల్చడం. నైట్ రెయిడ్ 2018లో ప్రత్యేకంగా ఇలాంటి గ్రాఫిక్స్ కోసమే తెచ్చారు, పోలిక దాంట్లో చూసుకోండి. చూసేటప్పుడు పైన పెద్దక్షరాల్లో ఉండే మొత్తం స్కోరు వదిలేసి కింద గ్రాఫిక్స్ స్కోరు చూడండి, టైమ్ స్పైలో మొత్తం స్కోరుకి గ్రాఫిక్స్ వాటా 85, ప్రాసెసర్ వాటా 15, రెండు కోర్లు ఎక్కువున్న చిప్ ఆ 15లో నాలుగు మార్కులు కొట్టేసి గ్రాఫిక్స్ కూడా బాగున్నట్టు కనపడుతుంది.

మోసం సంగతా, జరిగింది, అదీ మన సబ్జెక్ట్‌లోనే. 2009లో, అప్పటికి ఇంటెల్ గ్రాఫిక్స్ ఇంకా మదర్‌బోర్డ్ చిప్‌సెట్‌లోనే ఉండేది, టెక్ రిపోర్ట్ అనే సైట్ వాళ్లకి అనుమానం వచ్చి 3డీమార్క్ వాంటేజ్ ఫైల్ పేరు మార్చి నడిపారు. అంతే, మిగతాదంతా అదే, స్కోరు పడిపోయింది. డ్రైవర్ ఆ ఫైల్ పేరు చూసి గ్రాఫిక్స్ చెయ్యాల్సిన పనిలో కొంత ప్రాసెసర్ మీదకి తోసేస్తోందన్నమాట. ఇంటెల్ ఏమందంటే గేముల్లో కూడా ఇదే చేస్తున్నాం, వాడేవాళ్లకి లాభమే కదా అని. కొంత నిజం లేకపోలేదు, కానీ పరీక్ష రాసేవాడి పక్కన అన్నయ్యని కూర్చోబెట్టడం పరీక్ష నియమాల్లో లేదు.

అందుకని నేనైతే స్కోరు కన్నా గేమ్‌నే నమ్ముతా. గేమ్‌లోనే బెంచ్‌మార్క్ ఉంటే అది, రిజల్యూషన్ ఒకటే, సెట్టింగ్స్ ఒకటే, అప్‌స్కేలింగ్ (చిన్నగా గీసి పెద్దది చేసి చూపించడం), ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో ఫ్రేములు కల్పించడం) లాంటివి ఆఫ్, మొదటి రన్ లెక్కలోకి తీసుకోను, తర్వాత మూడుసార్లు తిప్పి మధ్యలోది రాసుకుంటా. యావరేజ్ ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూడకండి, "1% low" అని పక్కన ఉంటుంది, అన్నిట్లోకీ నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క, అది బాగా తక్కువుంటే యావరేజ్ 60 ఉన్నా చేతికి మాత్రం కుదుపులే తెలుస్తాయి, గతుకుల రోడ్డు మీద బస్సు యావరేజ్ స్పీడ్ చెప్పినట్టు. ర్యామ్ ఒక్క స్టిక్ ఉన్న సిస్టమ్‌లో ముందు చచ్చేది ఈ నంబరే.

ప్రశ్న: రాజమండ్రిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తానండి. ప్రీమియర్ ప్రో. 5600జీ గ్రాఫిక్స్ ఇంటెల్ యూహెచ్‌డీ 730 కన్నా గేముల్లో చాలా ముందుందని చూశాను, అదే తీసుకుంటే ఎడిటింగ్ కూడా ఫాస్ట్‌గా ఉంటుంది కదా?

జవాబు: అలా అనుకునే నా ఫ్రెండ్ ఒకడు చెయ్యి కాల్చుకున్నాడండి. గేమ్ బెంచ్‌మార్క్ కొలిచేది బొమ్మ గీసే బలం. ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ సాఫీగా కదలాలంటే కెమెరా ఫైల్ విప్పే ప్రత్యేకమైన భాగం చిప్‌లో ఉండాలి, ఇంటెల్ వాళ్లు దాన్ని క్విక్ సింక్ అంటారు. ఇప్పుడు కెనాన్, సోనీ కొత్త కెమెరాల్లో హెచ్.265 4:2:2 10 బిట్ అనే, రంగుల వివరం ఎక్కువుండే బరువైన వీడియో రకంలో తీస్తున్నారు కదా, ఆ ఫైల్‌ని ఇంటెల్ 11వ తరం నుంచి హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, వేగాకి ఆ విద్య రాదు, భారమంతా కోర్ల మీద పడుతుంది. మీ కెమెరా అలాంటి ఫైల్ ఇస్తుంటే గేముల్లో వెనకబడ్డ యూహెచ్‌డీ 730నే మీకు పనికొస్తుంది. కొనేటప్పుడు మోడల్ నంబర్ చివర ఎఫ్ అక్షరం లేకుండా చూసుకోండి, ఎఫ్ ఉంటే గ్రాఫిక్సే ఉండదు, క్విక్ సింకూ ఉండదు. రేటు తక్కువని 12400 బదులు 12400ఎఫ్ చేతిలో పెట్టేవాళ్లున్నారు, బిల్లు మీద ఆ అక్షరం చూశాకే డబ్బులివ్వండి.