పుంజు సరే, ఆ నెమలి సంగతేంటి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. చచ్చిన కోళ్లు, పావురాల తోలు తీసి, లోపల పీచు నింపి బొమ్మలుగా నిలబెట్టడం నా సరదా. మే నెలలో కోదాడ నుంచి ఒకాయన ప్రాణంగా పెంచుకున్న పుంజు చచ్చిపోతే తెచ్చాడు. రూ.6 వేలు తీసుకుని చేసిచ్చాను. రెండు నెలలకు ఈకలు రాలి, వాసన మొదలైంది. బొమ్మను మా గడపలో పడేసి పోయాడు. ఇప్పుడు లక్ష ఇవ్వకుంటే వినియోగదారుల కమిషన్‌కు పోతానని నోటీసు పంపాడు. పరువు పోతుందని నిద్ర పట్టడం లేదు. 2021లో దేవరకొండ దగ్గర చెల్కలో చచ్చి దొరికిన నెమలితో చేసిన బొమ్మ ఇస్తానని వాట్సాప్‌లో చెప్పినా వినలేదు. ఏం చేయాలి?

జవాబు: మీ లేఖ నిండా పుంజే. అసలు కేసు మాత్రం చివర్లో మాటవరసకు చెప్పిన నెమలిది.

నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న పక్షి. మీరు చంపి ఉండకపోవచ్చు. కానీ సెక్షన్ 39 ప్రకారం చచ్చి దొరికిన వన్యప్రాణి కూడా సర్కారు ఆస్తే. 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, అధీకృత అధికారికో తెలపాలి. మీరు తెలపకపోగా తోలు తీశారు. రాలిన తోక ఈకలకున్న మినహాయింపు ఒళ్లంతటికీ రాదు. పైగా సెక్షన్ 57 కింద బొమ్మ మీ దగ్గర దొరికితే చాలు, అక్రమం కాదని చూపాల్సిన భారం మీదే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా, జరిమానా కనీసం రూ.25 వేలు. 'ఎప్పటి సంగతో కదా' అనుకోకండి. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు.

ఇది చదవగానే చెయ్యి పార మీదికో అగ్గిపెట్టె మీదికో పోతుంది. వద్దు. సర్కారు ఆస్తిని అనుమతి లేకుండా ధ్వంసం చేయడం అదే సెక్షన్ 39 కింద మరో తప్పు, సాక్ష్యం మాయం చేశారన్న కేసు అదనం. మీ మెసేజ్ అవతలి వాడి ఫోన్లో భద్రంగా ఉంది, మీరు చెరిపేసినా పోదు. డబ్బు కట్టి మాఫీ చేయిస్తామనే మధ్యవర్తులను దగ్గరికి రానీయకండి.

క్రిమినల్ కేసులు చూసే వకీలును ఈ వారమే కలవండి. ముందస్తు బెయిల్ సంగతి తేల్చుకున్నాక, ఆయన రాసిన దరఖాస్తుతోనే జిల్లా అటవీ అధికారికి బొమ్మ అప్పగించి, పంచనామా ప్రతి తీసుకోండి. నేరం మాసిపోదు. కానీ దాచినవాడికీ తెచ్చి అప్పగించినవాడికీ కోర్టులో తేడా ఉంటుంది.

ఇక పుంజు. ఇంటి కోడి ఆ చట్టం కిందికి రాదు. డబ్బు తీసుకున్నారు కనుక 'సరదాకు చేశా'నంటే కమిషన్ వినదు. ఆయనకు రెండేళ్ల గడువుంది. తేలాల్సింది ఒక్కటే, కుళ్లు ఎక్కడ మొదలైంది? పొట్ట దగ్గర ఈకలు ఊడి, తోలు ఆకుపచ్చగా తిరిగి ఉంటే, పేగుల్లోని సూక్ష్మక్రిములు పని మొదలుపెట్టాకే పక్షి మీ చేతికొచ్చిందని వాదించవచ్చు. మే ఎండలో అందుకు కొన్ని గంటలు చాలు. తోలుకు పూసే బోరాక్స్ పొడి తడిని పీలుస్తుంది గానీ, మొదలైన కుళ్లును వెనక్కి తిప్పదు. అలా కాక తోక మొదట్లో పసుపుపచ్చ జిడ్డు కారుతుంటే తప్పు మీదే. అక్కడి నూనెగ్రంథి కోసేయలేదు, కొవ్వు గీకి సబ్బునీళ్లతో కడగలేదు. కోడితోలుకు కొవ్వెక్కువని ఈ పని చేసేవాళ్లకు ఒకరు చెప్పాలా?

పుంజు ఎన్నింటికి చచ్చింది, మీరు ఫ్రీజర్‌లో ఎన్నింటికి పెట్టారు అన్నది ఒక చీటీ మీదైనా రాసుకోకపోవడం ఒట్టి నిర్లక్ష్యం. తెచ్చిన రోజు తీసిన ఫొటోలుంటే వెతకండి. ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. ఫోన్ ఫొటోల్లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో నిలవాలంటే సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. పాడైన బొమ్మ పొట్ట, తోక దగ్గరగా ఫొటో తీసి, కవర్లో గాలి లేకుండా చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి.

జిడ్డు మీ పనితనమే అయితే రూ.6 వేలు, నోటీసు ఖర్చు ఇచ్చి, రాజీ కాగితం మీద సంతకం తీసుకోండి. పొట్ట ఆకుపచ్చగా తిరిగి ఉంటే ఫొటోలు జతచేసి వకీలుతో జవాబు పంపించండి. ఏ జవాబైనా నెమలి మాట మాత్రం ఎత్తకండి.