కిటికీ రెక్క పడి బాబు చెయ్యి విరిగింది, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మా బాబు ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి. గత ఆగస్టులో క్లాసులో కిటికీ రెక్క ఊడి మీదపడి మణికట్టు ఎముక విరిగింది. దాన్ని బైండింగ్ వైరుతో కట్టి ఉంచారని జూన్ మీటింగులోనే చెప్పాను. కరస్పాండెంట్ ఒక్కసారి కూడా వచ్చి పలకరించలేదు. ఆస్పత్రి బిల్లు సగం ఇచ్చారు. స్టాంపు పేపరు మీద సంతకం పెడితే రెండేళ్ల ఫీజు మాఫీ చేస్తారట. ఇప్పుడు కిటికీలన్నీ చెక్కలు కొట్టి మూసేశారు, పిల్లలకు గాలి ఆడట్లేదు. ఆయన్ని జైలుకు పంపొచ్చా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: పలకరించకపోవడం నేరం కాదు, అది వదిలేయండి. రెక్క ఊడేలా ఉందని స్కూలుకు ముందే తెలుసా లేదా అన్నదాని మీదే మీ కేసంతా నిలబడుతుంది. బైండింగ్ వైరే అందుకు జవాబు. ఎవరో చూశారు, ఊడుతుందని భయపడ్డారు, కార్పెంటర్‌ని పిలవకుండా వైరు చుట్టి ఊరుకున్నారు.

మరి ఆ వైరు ఏది? చెక్కలు కొట్టేటప్పుడే పోయి ఉంటుంది. మీరేమో మీటింగులో నోటితో చెప్పి వచ్చేశారు. ఫీజు కట్టిన స్క్రీన్‌షాట్ దాచుకుంటాం గానీ, ఇలాంటి విషయం ఒక్క వాట్సాప్ మెసేజ్‌లోనైనా పెట్టం! పేరెంట్స్ గ్రూపులో జూన్ నుంచి వచ్చిన ఫొటోలు వెతకండి, ఆ మెసేజ్‌లున్న ఫోన్ అమ్మేయకండి. మీటింగుకు వచ్చిన వాళ్లలో సాక్ష్యం చెప్పేవాళ్లెవరో కనుక్కోండి. ముఖ్యంగా డిశ్చార్జి సమ్మరీ చదవండి. ఆస్పత్రికి తీసుకెళ్లిన టీచరు చెప్పినట్టు 'ఆడుకుంటూ పడ్డాడు' అని రాసి ఉంటే అదే మీకు ఎదురు తిరుగుతుంది.

ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. నిర్లక్ష్యంతో అలా జరిగితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు, కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోవడానికి గడువూ మూడేళ్లే. పరిహారం కోసం బాబు తరఫున మీరు నెక్స్ట్ ఫ్రెండ్‌గా, అంటే మైనరు బదులు కేసు నడిపే పెద్దగా, సివిల్ దావా వేయొచ్చు. దావాల గడువు చెప్పే లిమిటేషన్ చట్టం 6, 8 సెక్షన్ల ప్రకారం వాడికి మేజరయ్యాక మూడేళ్ల దాకా హక్కుంటుంది. మీ జేబులోంచి పోయిన ఖర్చుకు మాత్రం ఘటన నుంచి మూడేళ్లే. గడువుంది కదా అని కూర్చుంటే సాక్షులు ఊరు మారిపోతారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకుంటారేమో, అక్కడ గడువు రెండేళ్లే, పైగా చదువు సేవ కిందికి రాదన్న వాదన మొదట్లోనే ఎదురవుతుంది.

స్టాంపు పేపరు మీద సంతకం పెట్టొద్దు. అందులో 'బాబు అల్లరి వల్ల' అన్న మాట తప్పకుండా ఉంటుంది, చదివారా? దాని కింద మీ సంతకం పడితే బాబు రేపు దాన్ని సవాలు చేయగలడేమో గానీ, మీ ఖర్చుల సంగతి అక్కడితో ఆఖరు. రాజీ కావాలంటే దావా వేశాక, కోర్టు అనుమతితో చేసుకోండి. మైనరు తరఫు రాజీకి కోర్టు అనుమతి ఉండాలనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 చెబుతోంది.

చెక్కలు కొట్టిన కిటికీల సంగతి దీనికంటే అర్జెంటు, నిప్పంటుకుంటే పిల్లలు ఎటు పోతారు? తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక స్కూల్లో 2004 జులైలో 94 మంది పిల్లలు కాలిపోయాక, చదువు హక్కులో సురక్షితమైన బడి కూడా ఉందని సుప్రీంకోర్టు 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో చెప్పింది. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అథారిటీకి (మున్సిపాలిటీ, పంచాయతీ వంటివి) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లండి. స్కూలు గుర్తింపు కోసం పెట్టిన భవన పటిష్ఠత, అగ్నిమాపక ధ్రువపత్రాల నకళ్లు డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసులో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగండి. ఇవన్నీ చేసేలోపు, రేపు ఉదయమే తేదీ కనబడేలా ఆ చెక్కలను ఫొటో తీసి, స్కూలుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి, రసీదు దాచుకోండి.