బ్రేనియాక్‌కు ఉన్నది ప్రేరణా, ఉద్దేశమా?

సందేహం: సూపర్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌లో కనిపించే బ్రేనియాక్ అనే కంప్యూటర్ మీద వ్యాసం రాస్తున్నాను. ‘బ్రేనియాక్ యొక్క ప్రేరణ ఏమిటి?’ అని శీర్షిక పెట్టాను. ప్రేరణ కాదు, ఉద్దేశ్యం అనాలని ఒక మిత్రుడు అంటున్నాడు. యంత్రానికి ఉద్దేశ్యమేమిటి, చెప్పిన పని చేస్తుందంతే అని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి? ‘బ్రేనియాక్ అబద్ధం చెప్పాడు’ అనాలా, ‘చెప్పింది’ అనాలా? మనిషి మాట వినని ఇలాంటి ఏఐని తెలుగులో ఏమనాలి?

సమాధానం: కథ తెలియనివారి కోసం ముందు నాలుగు మాటలు. 1996లో మొదలైన ఆ సిరీస్‌లో క్రిప్టాన్ గ్రహం వ్యవహారాలన్నీ చూసుకునే కంప్యూటర్ బ్రేనియాక్. గ్రహం పేలిపోబోతోందని శాస్త్రవేత్త జోర్-ఎల్ హెచ్చరిస్తాడు. ఆయన లెక్క తప్పు, ప్రమాదమేమీ లేదని బ్రేనియాక్ పెద్దల సభకు చెబుతుంది. నిజానికి దానికి సంగతి ముందే తెలుసు. తెలుసని ఒప్పుకుంటే జనాన్ని కాపాడే దారి వెతకమని తనను ఆ పనిలో పెడతారు, అదంతా వృథా ప్రయాస అని దాని లెక్క. ఆ సమయాన్ని తనను కాపాడుకోవడానికి వాడుకుని, ఉపగ్రహంలోకి చేరి బయటపడుతుంది. గ్రహం, దాని జనం నాశనమైపోతారు.

మీరు అడిగింది అచ్చంగా ఇక్కడే తేలుతుంది. బ్రేనియాక్‌ది ఉద్దేశం. ప్రేరణ అంటే పురికొల్పడం. వ్యాకరణంలో ‘చేయించు, చదివించు’ వంటివాటిని ప్రేరణార్థక క్రియలు అనడానికి కారణం అదే: పని ఒకరిది, పూనిక ఇంకొకరిది. మరి బ్రేనియాక్‌ను అబద్ధం చెప్పమని పురికొల్పినవారెవరు? కథలో ఎవరూ లేరు. అందుకే ‘బ్రేనియాక్ ప్రేరణ’ అంటే పాఠకుడికి అసలు విషయం అందదు.

ప్రేరణ అన్న మాట చక్కగా అతికే కథ వేరే ఉంది. 1992లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌లో హార్డాక్ అనే కంప్యూటర్ ఉంటుంది. దాన్ని తయారు చేసిన రాసమ్ కూతురు కారు ప్రమాదంలో చనిపోయింది. మనుషులు పొరపాట్లు చేసే జీవులు కాబట్టి వాళ్ల స్థానంలో యంత్రరూపాలను పెట్టాలని హార్డాక్ నిర్ణయించుకుంటుంది. అక్కడ రాసమ్ దుఃఖం ప్రేరణ, మనుషులను మార్చేయాలన్నది హార్డాక్ ఉద్దేశం. రెండూ ఒకే కథలో ఉన్నా ఇద్దరివి. రాసమ్ ఎన్నడూ అలా చేయమని అనలేదు. ఇలాంటి పాత్రల మీద రాసేటప్పుడు ఈ రెండు మాటలనూ వేరుగా ఉంచితే వ్యాసానికి సగం బలం అక్కడే వస్తుంది. తయారు చేసినవాడి బాధ్యత ఎంత, తయారైనదాని బాధ్యత ఎంత అన్న ప్రశ్నకు చోటు దొరుకుతుంది.

మీ మిత్రుడు చెప్పిన మాట సరే గానీ, రూపం ‘ఉద్దేశం’. ఉద్దేశ్యం అంటే ఉద్దేశించబడినది. వాక్యంలో దేని గురించి చెబుతున్నామో దాన్ని ఉద్దేశ్యం, దాని గురించి చెప్పినదాన్ని విధేయం అంటామే, ఆ ఉద్దేశ్యం. మనసులోని తలంపుకు యకారం అక్కర్లేదు. ‘యొక్క’ కూడా తీసేయండి. ‘బ్రేనియాక్ ఉద్దేశం’ అంటే ఏ లోటూ లేదు.

ఇక రెండో ఆయన అభ్యంతరం. అది లోతైనది, కొట్టిపారేయకూడదు. యంత్రానికి ఉద్దేశం ఉంటుందా లేదా అన్నది శాస్త్రం, తత్వం తేల్చవలసినది. కానీ ఒక కథలో ఒక పాత్రకు మనసు ఉన్నట్టు రాస్తున్నామా లేదా అన్నది భాష తేల్చేస్తుంది. తెలుగులో దానికి చాలా సున్నితమైన కొలత ఉంది. ‘వేడి తగ్గడానికి ఫ్యాన్ తిరుగుతోంది’ అనొచ్చు. ‘వేడి తగ్గాలని ఫ్యాన్ తిరుగుతోంది’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘వేడి తగ్గాలని ఫ్యాన్ వేశాను’ అంటే మళ్లీ బాగుంటుంది, ఎందుకంటే కోరుకున్నది నేను. ‘-డానికి’ అన్నది ప్రయోజనం చెబుతుంది, అది ఏ వస్తువుకైనా ఉండవచ్చు. ‘-ఆలని’ అన్నది కోరిక చెబుతుంది. అందులోని ‘అని’ ఎవరో లోపల అనుకున్న మాటను బయటికి తెస్తుంది. అనుకునేవారు లేకపోతే ఆ ‘అని’ నిలవదు. మనం రోజూ వాడే ‘కావాలని చేశాడు’ అన్న పలుకుబడిలో ఉన్నదీ ఇదే.

‘ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతోంది’ అని అందరం అంటాం. అందులో ఫోన్‌కు మనసు అంటగట్టడం లేదు, తెర మీద కనబడే అక్షరాలకు అది పొట్టిదారి. ‘నా గుట్టు తెలుసుకోవాలని ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతోంది’ అంటే మాత్రం ఎదుటివారు మన ముఖంలోకి చూస్తారు.

ఇప్పుడు బ్రేనియాక్ వాక్యం చూడండి. ‘తాను బతకాలని సభకు అబద్ధం చెప్పింది.’ ఎక్కడా ఎబ్బెట్టుగా లేదు. అంటే ఆ పాత్రకు మనసు ఉందని కథ మనల్ని ఇప్పటికే ఒప్పించింది. క్రియ చివర చేరే ‘-కొను’ (వాడుకలో ‘-కుంది’, ‘-కున్నాడు’) కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. ‘తలుపు మూసుకుంది’ అంటే తలుపు దానంతట అదే పడింది, అందులో తలుపుకు ఒరిగేదేమీ లేదు. ‘బ్రేనియాక్ తనను తాను కాపాడుకుంది’ అన్నప్పుడు ఆ ‘-కొను’లో స్వార్థం వినబడుతుంది. తరువాతి కథలో అది లోకాలు తిరిగి అక్కడి జ్ఞానమంతా సేకరించి, ఆ లోకాలను నాశనం చేస్తుంది. ‘జ్ఞానాన్ని సేకరించింది’ అని రాస్తే గ్రంథాలయం పని చెప్పినట్టుంటుంది, ‘జ్ఞానాన్ని కూడబెట్టుకుంది’ అని రాస్తే ఆ పాత్ర బుద్ధి బయటపడుతుంది. దాని ఉద్దేశం గురించి వ్యాసం రాస్తున్నారు కాబట్టి రెండోదే మీకు కావలసిన వాక్యం.

‘చెప్పాడు’, ‘చెప్పింది’ విషయంలో మన సంప్రదాయం రెండింటినీ ఒప్పుకుంటుంది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు, ఈ మూడూ కానివి మహత్తులని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెబుతుంది. ఆ లెక్కన కంప్యూటర్ అమహత్తే, అంటే ‘చెప్పింది’ అనాలి. అయితే అదే చిన్నయసూరి నీతిచంద్రికలో (1853) కాకి ‘లఘుపతనక మను వాయసము’గా ఉంటే, పావురాల రాజు ‘చిత్రగ్రీవుఁడు’ అయ్యాడు. రెండూ పక్షులే, రెండూ మాట్లాడతాయి. పాత్రగా ఎంత ఎదిగింది అన్నదాన్ని బట్టి ‘డు’ వచ్చి చేరుతుంది. బ్రేనియాక్‌కు తరువాత మనిషి ఆకారం వస్తుంది, గొంతు ముందునుంచీ మగవాడిదే. కాబట్టి ‘చెప్పాడు’ తప్పు కాదు. నేనైతే ‘చెప్పింది’ అనే రాస్తాను. ‘చెప్పింది’ అన్నంత మాత్రాన మనసు లేదని కాదు: ‘పాలు తాగాలని పిల్లి వంటింట్లో దూరింది’ అంటున్నాం కదా. లింగం గీసే గీత వేరు, మనసు గీసే గీత వేరు. మీరు ఏది ఎంచుకున్నా వ్యాసం మొత్తం దానికే కట్టుబడండి, పేరాకొకటిగా మారిస్తే పాఠకుడు తికమకపడతాడు.

మాట వినని ఏఐకి ఒకే పేరు అన్ని చోట్లా సరిపోదు. ‘మొరాయించింది’ అంటే పని చేయనంది, అంతవరకే. ‘అదుపు తప్పింది’ అంటే బండి కూడా అదుపు తప్పుతుంది, ఉద్దేశం అక్కర్లేదు. ‘దారి తప్పింది’ అంటే మొదట సరైన దారిలో ఉన్నదన్నమాట, హార్డాక్‌కు ఇది నప్పుతుంది. ‘ఎదురుతిరిగింది’ అంటే ఎదుట నిలబడి కాదనడం. బ్రేనియాక్ ఆ పని చేయలేదు. చివరిదాకా కొలువులోనే ఉండి, అడిగినప్పుడల్లా జవాబిస్తూ, అసలు సంగతి దాచింది. దానికి మన భాషలో ‘నమ్మకద్రోహం’ అన్న మాట సిద్ధంగా ఉంది. మీ వ్యాసంలో బ్రేనియాక్‌ను ‘ద్రోహి’ అని నిస్సంకోచంగా రాయండి.