బాబుది బద్ధకమని తేల్చేయకండి

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. విన్న పాఠం పొల్లుపోకుండా అప్పజెబుతాడు, నోటిలెక్కలు చకచకా చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం కూడబలుక్కుంటాడు. రాతలో ఒత్తులు ఎగిరిపోతాయి. చూపు బాగానే ఉందని కళ్ళ డాక్టరు చెప్పారు. మావారు బద్ధకమంటూ కొడుతున్నారు, హాస్టల్లో వేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఉత్తరం చూసి నిర్ధారించడం కుదరదు గానీ, మీరు రాసినవి డిస్లెక్సియాను, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందిని, అనుమానించదగిన లక్షణాలే. మీరు ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడంలో వింతేమీ లేదు. 1880లలో ఈ ఇబ్బందికి ఆ పేరు పెట్టిన రుడాల్ఫ్ బెర్లిన్ కూడా జర్మనీలో కంటి వైద్యుడే. అయితే ఆయన చూసింది మెదడు దెబ్బతినడంతో చదివే శక్తి పోయిన పెద్దవాళ్ళను. పుట్టుకతోనే ఇలా ఉండే పిల్లవాడి గురించి 1896లో ఇంగ్లండ్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పర్సీ అనే ఆ పద్నాలుగేళ్ళ అబ్బాయి తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాసేవాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో చురుకైనవాడు అతడేనని మాస్టారు అన్నారట. ఈ సంగతి మీవారికి తప్పక చెప్పండి.

మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతపరచడంలోనే ఈ పిల్లలు ఎక్కువగా తడబడతారని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అందుకే అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ రూపొందించిన పద్ధతిలో అక్షరాన్ని చూస్తూ, పైకి పలుకుతూ, వేలితో దిద్దుతూ నేర్చుకుంటారు. మనం పలక మీద దిద్దించడం మానేసి పొరపాటు చేశామేమోనని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది. 'ప్రయత్నం' లాంటి మాట తీసుకొని, ముక్కలుగా పలికించి, ఏ అక్షరం కింద ఏ ఒత్తు వస్తుందో ఇసుకలో రాయించండి. రోజుకు పావుగంట చాలు. సాంఘికశాస్త్రం, సైన్సు పాఠాలు మీరే చదివి వినిపించండి.

ఆలస్యం చేయకుండా క్లినికల్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టేవారి సాయం వంటివి అడగవచ్చు. పదో తరగతికి ఏవి వర్తిస్తాయో ప్రధానోపాధ్యాయుణ్ణి ఇప్పుడే అడగండి.

హాస్టల్ మాట ప్రస్తుతానికి వద్దు. చదివి వినిపించే మనిషి లేనిచోట ఉదయం, సాయంత్రం స్టడీ అవర్లలో కూర్చోబెడితే బాబుకు ఒరిగేదేమీ ఉండదు. సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించే రోజున మీవారిని వెంట తీసుకెళ్ళండి. ఫలితాన్ని మీరు ఇంటికొచ్చి చెప్పడంకన్నా, సైకాలజిస్టు నోటినుంచే ఆయన వినడం మేలు.